65 దాటిన అందరికీ ఏఎఫ్ స్క్రీనింగ్ పెట్టాలా?

నాడిపట్టు:
ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఎఫ్) అంటే గుండె పైగదులు లయ తప్పి అదరడం, అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకు పోతే పక్షవాతం. ఇది ఉన్న చాలామందికి దడా ఉండదు, ఆయాసమూ ఉండదు. కొందరిలో పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో చేరాకే బయటపడుతుంది. అందుకే 65 దాటినవాళ్లందరినీ పిలిచి ఈసీజీ తీయాలంటాను. స్వీడన్‌లో స్ట్రోక్‌స్టాప్ అధ్యయనం 75, 76 ఏళ్లవాళ్లను పిలిచి, చేతిలో పట్టుకునే పరికరంతో రోజుకు రెండుసార్లు చొప్పున రెండు వారాలు ఈసీజీ తీయించింది. దాదాపు ఏడేళ్లు గమనించాక పక్షవాతం, ఎంబాలిజం (రక్తపు గడ్డ కొట్టుకెళ్లి వేరేచోట రక్తనాళాన్ని మూసేయడం), ఆసుపత్రిలో చేర్చాల్సిన రక్తస్రావం, మరణం అన్నీ కలిపి చూస్తే పిలిచిన వర్గంలో 31.9 శాతం, పిలవని వర్గంలో 33 శాతం. పిలిచినవాళ్లలో వచ్చింది సగం మందే. అయినా తేడా తేలింది.

సందేహి:
తేలింది కానీ పి విలువ (తేడా కాకతాళీయమా అని చూసే కొలత, 0.05 లోపుంటే నిలిచినట్టు) 0.045. అంచు మీద నిలబడ్డ ఫలితం అది.

డెన్మార్క్‌లో జరిగిన లూప్ అధ్యయనం ఎందుకు వదిలేశారు? చర్మం కింద రికార్డర్ అమర్చి మూడేళ్లకు పైగా ఆగకుండా చూశారు. ఏఎఫ్ 31.8 శాతం మందిలో దొరికింది, మామూలుగా చూసిన వర్గంలో 12.2 శాతమే. పక్షవాతం, ఎంబాలిజం మాత్రం వరుసగా 4.5, 5.6 శాతం. గణాంకపరంగా ఆ తేడా నిలవలేదు. వల కన్ను సన్నబడేకొద్దీ పరక చేపలే ఎక్కువ పడతాయి. ఆరు నిమిషాలు వచ్చి పోయే ఏఎఫ్, రోజంతా ఉండే ఏఎఫ్ ఒకటి కాదండీ.

2023లో వచ్చిన ఆర్టీసియా చూడండి. పేస్‌మేకర్ల లాంటి పరికరాల్లో దొరికిన అలాంటి చిన్న ఏఎఫ్‌కు ఆస్పిరిన్ బదులు ఎపిక్సబాన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే కొత్త మందు) ఇస్తే పక్షవాతం ఏటా 1.24 నుంచి 0.78 శాతానికి తగ్గింది. పెద్ద రక్తస్రావాలు 0.94 నుంచి 1.71కి పెరిగాయి. లాభం ఉంది, ఊరికే రాలేదు.

మోతాదు:
ఇద్దరూ కనిపెట్టడం దగ్గరే ఆగిపోయారు. అసలు గండి ఆ తర్వాత పడుతుంది.

వాచీ పచ్చలైటుతో చూసి "లయ తప్పింది" అంటే అది అనుమానం మాత్రమే. కనీసం 30 సెకన్ల ఈసీజీ పట్టీనో, 12 లీడ్ల ఈసీజీనో డాక్టరు చదివితేనే నిర్ధారణ. తర్వాత ఎకో (గుండె స్కాన్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీపీ. ఇవి చూడకుండా మందు రాస్తే డోసు తప్పుతుంది.

ఎక్కువగా జరిగే తప్పు ఎపిక్సబాన్‌తో. మామూలు డోసు 5 మి.గ్రా., రోజుకు రెండుసార్లు. 2.5కి దించాలంటే ఈ మూడింట్లో రెండు ఉండాలి: వయసు 80 లేదా ఆపైన, బరువు 60 కిలోలు లేదా ఆలోపు, క్రియాటినిన్ 1.5 మి.గ్రా./డె.లీ. లేదా ఆపైన. (కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ల లెక్క వేరు.) "పెద్దావిడ కదా, ఎందుకైనా మంచిది" అని సగం రాస్తే ఆమెకు పక్షవాతం నుంచి కాపు కూడా తగ్గిపోవచ్చు. అదే కోవకు చెందిన రివరాక్సబాన్ 20 మి.గ్రా. బిళ్లను భోజనంతోనే వేసుకోవాలి, ఖాళీ కడుపున వేసుకుంటే మూడోవంతు దాకా ఒంటికి పట్టదు. ఆస్పిరిన్ వీటికి బదులు కాదు. ఇంకా అలా రాస్తున్నవాళ్లున్నారు!

కవాటం:
ఈ 65 అనే గీత ప్రపంచమంతటికీ సరిపోదు. రుమాటిక్ జ్వరం వల్ల గుండెలోని మైట్రల్ కవాటం బిగుసుకున్నచోట ఏఎఫ్ ముప్ఫై, నలభై ఏళ్లకే వస్తుంది. ఆ కవాటం ఒక మోస్తరుగా గానీ బాగా గానీ ఇరుకైతే పక్షవాతం ముప్పు స్కోరు లెక్కించే పని లేదు, రక్తం గడ్డకట్టకుండా చేసే పాత మందు వార్ఫరినే. 24 దేశాల్లో జరిగిన ఇన్విక్టస్ అధ్యయనంలో (2022) ఇలాంటి రోగులకు రివరాక్సబాన్ కన్నా వార్ఫరిన్ తరహా మందులే మేలు చేశాయి, మరణాలు కూడా తక్కువ.

వార్ఫరిన్ వాడేవాళ్లకు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే పరీక్ష) 2, 3 మధ్య ఉండాలి. కుదురుకునేదాకా వారానికొకసారైనా, తర్వాత నెలకోసారి చూడాలి. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్ లాంటి యాంటీబయాటిక్స్ కలిస్తే ఐఎన్ఆర్ ఎగబాకుతుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ దాన్ని పడేస్తుంది, ఎపిక్సబాన్ లాంటి కొత్త మందుల బలాన్నీ తగ్గిస్తుంది. ఆకుకూరలు మానక్కర్లేదు, రోజూ ఒకే తీరుగా తింటే చాలు. కొత్త మందులు 2019లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేరాయి. జాబితాలో ఉన్నంత మాత్రాన మందుల గదిలో ఉన్నట్టు కాదు. ఐఎన్ఆర్ తీసే దిక్కులేని చోట స్క్రీనింగ్ శిబిరం పెట్టి ఏం లాభం?

నాడిపట్టు:
కవాటం గారూ, వయసు సంగతి ఒప్పుకున్నాను. అందరినీ పిలవడం పక్కన పెడదాం. వేరే పని మీద వచ్చిన 65 దాటినవాళ్ల నాడి ఒక నిమిషం పట్టుకోవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. బీపీ ఎలాగూ చూస్తారు, ఏఎఫ్‌ను రప్పించేవాటిలో అధిక బీపీ ముందు వరసలో ఉంది. ఆస్ట్రేలియాలో 2020లో ప్రచురించిన ప్రయోగంలో, వారానికి పది డ్రింకులు అంతకుమించి తాగే ఏఎఫ్ రోగుల్లో మద్యం మానమన్నవాళ్లలో 53 శాతం మందికి, మానమనని వాళ్లలో 73 శాతం మందికి ఏఎఫ్ తిరగబెట్టింది. మందు రాసే ముందు ఇదీ చెప్పాలిగా.

సందేహి:
నాడికి నాకూ అభ్యంతరం లేదు. కాకపోతే మధ్యలో ఒక్కో దెబ్బ ముందుగా పడి ఆగినట్టుంటే అది ఎక్‌స్ట్రా బీట్ కావచ్చు, ఏఎఫ్‌లో ఏ రెండు దెబ్బల మధ్యా ఎడం ఒకేలా ఉండదు. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఈ తేడా దొరకదు. నిమిషం అంటే నిమిషమే చూడాలి, అనుమానం వస్తే అదే రోజు ఈసీజీ.