జనవరిలో కశ్మీర్ మంచు రైలు: వందే భారత్ ఒక్కటి సరిపోతుందా, లోకల్ కూడా ఎక్కాలా?

బెజవాడ పిల్ల
నమస్తే అండీ. జనవరి నెలాఖరులో ఐదుగురం కశ్మీర్ వెళ్దామనుకుంటున్నాం. అమ్మానాన్నలకు 65 దాటాయి, పాపకు ఆరేళ్లు. అసలు ఆశ మంచులో రైలు ప్రయాణం మీదే. కట్రా నుంచి శ్రీనగర్ వందే భారత్ ఎక్కితే దారి పొడుగునా మంచుకొండలేనని రీల్స్‌లో చూపిస్తున్నారు. నిజమేనా? ఏ వైపు సీటు తీసుకోవాలి? విజయవాడ నుంచి కట్రా వరకు రైల్లో వెళ్లి, అదే రోజు బండి మారితే కుదురుతుందా? చలికి ఏం సర్దుకోవాలో కూడా చెప్పండి.

కాజీపేట జంక్షన్
అక్కా, ముందు ఆ రీల్స్ సంగతి. కట్రా నుంచి బనిహాల్ దాకా 111 కిలోమీటర్లు. అందులో 97 కిలోమీటర్లు సొరంగాలే. ఖడీ, సుంబర్ మధ్య ఒక్క సొరంగమే 12.77 కిలోమీటర్లు. కిటికీ పక్కన కూర్చుంటే చాలా సేపు అద్దంలో మన మొహమే కనబడతది. పైగా కట్రా వెయ్యి మీటర్ల ఎత్తు కూడా లేదు. రియాసీ వైపు జనవరిలో కూడా మామూలు కొండలే, తెల్లగా ఉండవు.

అట్లని ఆ ముక్క దండగ అనట్లేదు. కట్రా దాటినంక ముందు అంజి వంతెన వస్తది, తీగల మీద నిలబడేది, 96 కేబుళ్లు. రియాసీ దాటినంక చినాబ్ వంతెన: నది అడుగు నుంచి 359 మీటర్ల ఎత్తు, పొడవు 1,315 మీటర్లు. బండి గంటకు 80 కిలోమీటర్ల మీద పోతుంటే ఆ పొడవు దాటడానికి ఒక్క నిమిషం. సొరంగంలకెళ్లి బయటపడంగనే వంతెన, వంతెన అయిపోంగనే మళ్లీ సొరంగం. కాబట్టి రియాసీ దాటంగనే ఫోన్ చేతిలో పట్టుకోండి. వీడియో తీసేటప్పుడు ఫోన్ అద్దానికి ఆనించి పెట్టాలె. ఇంచు దూరం జరిపినా లోపలి లైట్లు అద్దంలో మెరిసి వీడియో పాడైతది.

మంచు చూసుడు అసలు మొదలయ్యేది బనిహాల్ దాటినంకనే. అక్కడ పీర్ పంజాల్ సొరంగం, 11.2 కిలోమీటర్లు. దాదాపు పది నిమిషాలు చీకటి. అవతల కాజీగుండ్ దిక్కు బయటపడితే లోకమే వేరుంటది. ఇవతల ఎండ, అవతల మోకాలి లోతు మంచు ఉన్న రోజులు కూడా ఉంటయి, ఎందుకంటే ఆ కొండ వరసనే మబ్బును ఆపుతది. లోయల దక్షిణపు కొన అయిన కాజీగుండ్‌ల శ్రీనగర్ కంటే మంచు ఎక్కువ పడతది.

మంచుబండి
పై మాటకు నా వంతు కలుపుతాను. మంచు కోసమే వెళ్తుంటే వందే భారత్‌ను చేరవేసే బండిగానే చూడండి. అసలు చూసేది మర్నాడు లోకల్లో. బనిహాల్ నుంచి బారాముల్లా దాకా సుమారు 135 కిలోమీటర్లు లోకల్ బండ్లు తిరుగుతాయి. రిజర్వేషన్ ఉండదు, స్టేషన్ కౌంటర్లో టికెట్, మనిషికి వంద రూపాయల లోపే. ఆగుతూ పోతుంది కాబట్టి చూసే తీరికా ఉంటుంది.

సీటు విషయం: బనిహాల్ నుంచి శ్రీనగర్ వైపు వస్తుంటే ఎడమ వైపు పీర్ పంజాల్ కొండలు. శ్రీనగర్ నుంచి బనిహాల్ వైపు వెళ్తుంటే కుడి. ఉదయం పూట సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు గనక కొండల మీద వెలుగు నేరుగా పడుతుంది. మధ్యాహ్నం దాటితే అదే వైపు నుంచి ఎండ కళ్లలో కొడుతుంది, ఫొటోలు నల్లగా వస్తాయి. అందుకని పీర్ పంజాల్ వైపు చూడాలంటే పొద్దున బండే.

వందే భారత్‌లో కూడా ఉదయం కట్రాలో బయలుదేరేదే తీసుకోండి. రెండో బండి మధ్యాహ్నం తర్వాతది. మూడు గంటల ప్రయాణం, జనవరి చివర్లో శ్రీనగర్‌లో ఆరు కాకుండానే పొద్దు గూకుతుంది. బనిహాల్ సొరంగం దాటేసరికి వెలుగు జారిపోతుంటుంది, అంటే మంచు మొదలయ్యే చోటే చీకటి. రెండు బండ్లకూ వారంలో ఒక్కో రోజు సెలవు ఉంటుంది. బుక్ చేసే ముందు వేళలు, రోజులు రైల్వే వాళ్ల రైళ్ల సమాచార యాప్ ఎన్‌టీఈఎస్‌లో సరిచూసుకోండి.

చైర్ కార్‌లో ఒక పక్క రెండు, ఒక పక్క మూడు సీట్లు. కిటికీ సీటు అని వచ్చినా కొన్ని వరసల్లో కిటికీల మధ్య గోడే పక్కన ఉంటుంది. బోగీ మధ్య వరసల్లోనూ ఈ బాధ తప్పదు, అది లాటరీ. ఎగ్జిక్యూటివ్‌లో సీటు తిప్పుకోవచ్చు, కానీ ఆ 97 కిలోమీటర్ల సొరంగాల కోసం అంత డబ్బు పెట్టమని నేనైతే చెప్పను.

స్టేషన్ మాస్టారు
విజయవాడ నుంచి కట్రాకు అండమాన్ ఎక్స్‌ప్రెస్, హిమసాగర్ రెండూ మీ ఊరు, వరంగల్ మీదుగానే వెళ్తాయి. కానీ రెండూ రోజూ ఉండవు, చాలా దూరపు బండ్లు. డిసెంబరు, జనవరిల్లో ఢిల్లీ, పంజాబ్ పొగమంచులో గంటల తరబడి నిలిచిపోతాయి. అందువల్ల అదే రోజు బండి మార్పు అస్సలు పెట్టుకోవద్దు. రెండు వేర్వేరు టికెట్లయి, వాటిని బుకింగ్‌లో లింక్ చేయకపోతే, మొదటి బండి ఆలస్యమై రెండోది పోయినా రైల్వే దృష్టిలో మీరు రానట్టే. కట్రాలో ఒక రాత్రి ఉండండి. పెద్దవాళ్లకు వైష్ణోదేవి దర్శనం కూడా ఉంటే రెండు రాత్రులు. కొండెక్కి దిగిన మర్నాడు ఉదయం బండికి వాళ్లు లేవలేరు, ఆ లెక్క కూడా వేసుకోండి.

టికెట్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి. బయలుదేరాల్సిన బండి 3 గంటలకు మించి ఆలస్యమైతే, ఎక్కకుండా మానేసి అది కదిలేలోపు టీడీఆర్ (డబ్బు వాపసు కోరే దరఖాస్తు) వేస్తే పూర్తి డబ్బు తిరిగి వస్తుంది. కదిలాక వేస్తే రాదు. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

కట్రా స్టేషన్లో సామాను స్కానింగ్, ఒంటి తనిఖీ ఉంటాయి. గంటన్నర ముందు చేరండి. లైటర్, చిన్న గ్యాస్ సిలిండర్ లాంటివి సంచిలో ఉంటే అక్కడే ఆపుతారు.

చిన్న సందేహం
ఢిల్లీ నుంచి నేరుగా శ్రీనగర్‌కు రైలు వేశారని విన్నానే? 2025 జూన్‌లో ప్రారంభించారు కదా.

స్టేషన్ మాస్టారు
2025 జూన్ 6న ప్రారంభమైంది కట్రా–శ్రీనగర్ వందే భారత్. దాంతో పట్టాలు కలిశాయి గానీ, ఢిల్లీ ప్రయాణికులు కట్రాలో దిగి, మళ్లీ తనిఖీ చేయించుకుని, ఇంకో బండి ఎక్కాలి.

బెజవాడ పిల్ల
చాలా థాంక్స్ అండీ. అయితే లోకల్లో అమ్మానాన్నలకు సీటు దొరుకుతుందా? పాప చలిని తట్టుకోగలదా? జనవరి చివరికి మంచు కచ్చితంగా ఉంటుందా?

మంచుబండి
కచ్చితం అనే మాట మంచుకు లేదు. కశ్మీరీలు చలికాలాన్ని మూడు ముక్కలు చేస్తారు. డిసెంబరు 21 నుంచి 40 రోజులు చిల్లయ్ కలాన్, ఆ తర్వాత 20 రోజులు చిల్లయ్ ఖుర్ద్, చివరి 10 రోజులు చిల్లయ్ బచ్చా. మొదటిది ఘోరమైన చలి, కానీ చలి వేరు, మంచు వేరు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రే చలి ఎక్కువ. 2024 డిసెంబరులో శ్రీనగర్‌లో మైనస్ 8.5 డిగ్రీలు పడిన రాత్రి కూడా పొడి రాత్రే. మంచు పడాలంటే పడమటి నుంచి వాతావరణ అలజడి రావాలి. అవి రాని ఏడాది చిల్లయ్ కలాన్ అంతా ఎండు గడ్డి చూసి తిరిగి రావాల్సిందే. జనవరి చివరి వారం, ఫిబ్రవరి మొదటి సగం మంచి ఎంపిక. టికెట్లు ముందే కొంటారు గనక లోయలో కనీసం నాలుగు రోజులు ఉంచుకుని, లోకల్ ప్రయాణం ఏ రోజో అక్కడికి వెళ్లాక, మంచు పడిన మర్నాడు పెట్టుకోండి. ఆ రోజు గాలి కడిగినట్టుంటుంది, కొమ్మల మీద మంచు ఇంకా రాలదు. రెండో రోజు మధ్యాహ్నానికి చెట్లు మళ్లీ నల్లబడతాయి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. మంచు బాగా కురిసిన ఉదయం లోకల్ బండ్లే ఆపేస్తారు. పట్టాల మీద మంచు తోసే యంత్రం ముందు వెళ్లాక, దారి చూసి వదులుతారు. అప్పుడు స్టేషన్లో పిల్లతో కూర్చోవద్దు. హోటల్ వాళ్లను కనుక్కోమనండి, వాళ్లకు ముందే తెలుస్తుంది.

కాజీపేట జంక్షన్
సీటు గురించి: పొద్దున ఆఫీసు, కాలేజీ జనం శ్రీనగర్ దిక్కు వస్తరు. మీరు అదే వేళకు శ్రీనగర్ నుంచి బనిహాల్ దిక్కు పోతే ఎదురు దిశ, కాబట్టి బోగీల జాగ ఉంటది. తొమ్మిది ప్రాంతంల ఎక్కే బండి చూసుకోండి. అంతకంటే చాలా ముందు పోతే చీకటి, కిటికీ మీద మంచుపొర. బనిహాల్ చేరడానికి దాదాపు రెండు గంటలు. దిగి, స్టేషన్ బయట వేడి చాయ్ తాగి, తిరుగు బండి ఎక్కి రండి. సాయంత్రం బండ్లు తొందరగ అయిపోతయి. తిరుగు టైం చూసుకోకుండా బనిహాల్ దిగొద్దు.

లోకల్ల ప్రతి స్టేషన్ల తలుపు తెరుచుకుంటది, చలిగాలి లోపలికి కొడతది. పెద్దోళ్లను తలుపుకు దూరంగా, బోగీ మధ్యల కూర్చోబెట్టండి. టాయిలెట్ పని శ్రీనగర్ స్టేషన్లనే చూసుకొని ఎక్కుడు మేలు.

దారిల ఏం కనబడతదంటే: పాంపోర్ దగ్గర కుంకుమపువ్వు చేలు, పూలు అక్టోబరు, నవంబరుల అయిపోతయి, జనవరిల వట్టి తెల్లటి మళ్లు. బిజ్‌బెహారా దగ్గర ఆకులు రాలిన చినార్లు. అనంతనాగ్ దాటినంక పాప్లర్ చెట్ల వరసలు, ఏటవాలు రేకుల ఇండ్లు. చూరు నుంచి మంచుకడ్డీలు వేళ్లాడుతుంటయి, కొన్ని మూరెడు పొడుగు. దానికింద పాపను నిలబెట్టి ఫొటో తీయకండి, ఎండ పొడ తగిలిందంటే అవి పటపటా రాలతయి. మిలిటరీ మనుషులను, వాళ్ల క్యాంపులను ఫోన్ల తీయకండి. డ్రోన్ మాట అసలే వద్దు.

ఉన్ని స్వెట్టర్
బట్టల మాట నాకు వదిలేయండి. మనవాళ్లు చేసే తప్పు ఒక్క మందపాటి జాకెట్ కొని, లోపల కాటన్ బనీను వేసుకోవడం. కాటన్ చెమటను పట్టి ఉంచుతుంది. వందే భారత్‌లో హీటర్ వెచ్చదనానికి చెమట పట్టి, శ్రీనగర్‌లో దిగగానే ఆ తడి మీద చలి కొట్టి వణుకు మొదలవుతుంది. వేసుకోవాల్సింది: ఒంటికి థర్మల్, పైన ఉన్ని స్వెట్టర్ లేదా ఫ్లీస్, ఆ పైన గాలి దూరని జాకెట్. రైలెక్కగానే పై రెండూ తీసేయండి, దిగడానికి పది నిమిషాల ముందు మళ్లీ వేసుకోండి. పాపకు మీకంటే ఒక పొర ఎక్కువ, గ్లవ్స్ రెండు జతలు. ఒక జత మంచులో ఆడి తడిపేస్తుంది, ఖాయం.

బూట్లు బిగుతుగా ఉండకూడదు. రెండు సాక్సులు వేసి బూటు బిగిస్తే రక్తం ఆడక పాదం ఇంకా చల్లబడుతుంది. ఒక ఉన్ని సాక్సు, వేళ్లు కదిలేంత చోటు చాలు. పొద్దున ప్లాట్‌ఫాం మీద తడిలా కనిపించేది నీళ్లు కాదు, గడ్డకట్టిన పొర. మడమ ముందు వేస్తే జారుతుంది. పాదం మొత్తం ఒకేసారి మోపుతూ, చిన్న అడుగులతో, చేతులు జేబుల్లోంచి తీసి నడవమని పెద్దవాళ్లకు చెప్పండి.

ఫోన్ లోపలి జేబులో, ఒంటికి తగిలేలా ఉంచండి. చలికి 40 శాతం ఉన్న బ్యాటరీ కూడా టక్కున ఆగిపోతుంది. చల్లటి కెమెరాను వెచ్చటి బోగీలోకి తెస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. బయటే జిప్ కవర్లో పెట్టి మూసి, లోపలికి తెచ్చి అరగంట అలాగే ఉంచాలి.

స్టేషన్ మాస్టారు
ముఖ్యమైనది ఎవరూ చెప్పలేదు: మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పని చేయదు. మన దగ్గర తీసుకున్న పోస్ట్‌పెయిడ్ అయితే పని చేస్తుంది. ఐదుగురిలో కనీసం ఇద్దరి నంబర్లు బయలుదేరే ముందే పోస్ట్‌పెయిడ్‌కు మార్పించండి. టికెట్లు, హోటల్ బుకింగు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

ఇంకోటి. గదిలో బుఖారీ (గది వెచ్చబెట్టే పొయ్యి) గానీ, కాంగ్డీ (నిప్పుల కుంపటి) గానీ, గ్యాస్ హీటర్ గానీ పెట్టుకుని తలుపులు, కిటికీలు బిగించి పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పడుకునే ముందు ఆర్పేయించి, కరెంటు దుప్పటి అడగండి. నీళ్ల గొట్టాలు రాత్రి గడ్డకడతాయి గనక ఒక బకెట్ నీళ్లు రాత్రే పట్టి పెట్టుకోండి.

బెజవాడ పిల్ల
ఆఖరి ప్రశ్న. నాన్నకు పూటకొకసారి అన్నం లేకపోతే కుదరదు. గుల్‌మార్గ్ కూడా వెళ్లొచ్చా?

కాజీపేట జంక్షన్
కశ్మీర్ల రెండు పూటలా అన్నమే తింటరు అక్కా, మనకంటే గట్టిగ. హాక్ అనే ఆకుకూర, నద్రూ అనే తామరతూడు, రాజ్మా, దమ్ ఆలూ శాకాహారులకు బాగనే దొరుకుతయి. ఆవకాయ సీసా రైల్ల తీసుకుపోవచ్చు, తిరుగు ప్రయాణం విమానమైతే చేతి సంచిల పెట్టనియ్యరు.

గుల్‌మార్గ్‌కు తంగ్‌మార్గ్ దాకా మామూలు కారు పోతది. మంచు పడితే ఆ పైన చక్రాలకు గొలుసులు కట్టిన బండినే వదులుతరు. గొలుసులకు వేరే డబ్బు అడుగుతరు, ముందే మాట్లాడుకోండి. గుల్‌మార్గ్ 2,650 మీటర్లు, గండోలా (తీగల మీద పోయే కేబుల్ కారు) రెండో దశ దాదాపు 4,000. నాన్నకు గుండె, బీపీ ఉంటే మొదటి దశతోనే ఆపండి.

ఉన్ని స్వెట్టర్
పాప తలకు కొబ్బరినూనె తీసుకెళ్తుంటే సీసాలో వద్దు, వెడల్పు మూతి డబ్బాలో పోసుకోండి. అక్కడ రాయిలా గడ్డకడుతుంది, చెంచాతో గీకాలి.