మంచి సైట్‌కు ఎర్ర పేజీ తగిలిస్తే ఆ నష్టం ఎవరిది?

బంగినపల్లి తోట:
కర్నూలులో ఉంటాను. మా తోట కాయలు మూడేళ్లుగా సైట్ పెట్టి అమ్ముతున్నా. మొన్న మే నెలలో సైట్ తెరిస్తే ఒక బ్రౌజర్ "మోసపూరిత సైట్" అని ఎర్ర పేజీ చూపించింది. ఆరు రోజులు అంతే. గడ్డిలో మాగేసిన కాయలు తొడిమ దగ్గర నల్లబడ్డాయి. 62 బాక్సులు పారబోశాం. పాత కస్టమర్ ఒకాయన ఫోన్ చేసి "నువ్వు కూడా ఇట్లాంటివాడివా?" అన్నాడు. ఒక్క మాట చెప్పకుండా ముద్ర వేయడమేంది?

తుంగభద్ర ఒడ్డు:
సైట్ హ్యాక్ కాలేదని ఎట్లా తెలుసు? సెర్చ్ నుంచి మొబైల్‌లో వచ్చేవాళ్లను మాత్రమే వేరే సైట్‌కు మళ్లించే కోడ్ ఉంటుంది. ఓనర్ అడ్రస్ టైప్ చేసి తెరిస్తే అంతా బాగానే కనిపిస్తుంది. మీరు చూసి బాగుందంటే సరిపోదు.

బంగినపల్లి తోట:
మా ఆవిడ ఫోన్‌లో సెర్చ్ చేసి కూడా చూశాం. ఏమీ లేదు. సైట్లు చేసిచ్చే కంపెనీ ఇచ్చిన ఉచిత అడ్రస్ అది.

తుంగభద్ర ఒడ్డు:
ఉచిత అడ్రసా! అదే అడ్రస్ కింద ఇంకెవరో దొంగ బ్యాంక్ పేజీ పెట్టి ఉంటారు. ఆ అడ్రస్ మొత్తాన్ని ప్రమాదకర సైట్ల జాబితాలో వేస్తే మీరూ పోతారు. సొంత డొమైన్, అంటే మీ ఒక్కరి పేరుతోనే ఉండే అడ్రస్, తీసుకోవాల్సింది.

అనంత మగ్గం:
ఫోన్‌లో తేదీ తప్పుగా ఉన్నా వార్నింగ్ వస్తుంది, చూశారా అన్నా?

బంగినపల్లి తోట:
అది వేరే వార్నింగ్. పక్కింట్లో దొంగ దొరికాడని మా ఇంటికి కూడా తాళం వేస్తారా?

కడప కుర్రోడు:
2009 జనవరి 31న గూగుల్ ప్రమాదకర సైట్ల జాబితాలో పొరపాటున ఒక్క ఏటవాలు గీత (/) చేరింది. ఆ గీత ప్రతి సైట్ అడ్రస్‌లోనూ ఉంటుంది. ఆ దెబ్బకు సుమారు 40 నిమిషాలు సెర్చ్‌లో దాదాపు ప్రతి సైట్ పక్కనా "హాని చేయవచ్చు" అని వచ్చింది. పెద్ద జాబితాలోనూ తప్పులుంటాయి.

తుంగభద్ర ఒడ్డు:
ఆ 40 నిమిషాలు ఎన్నిసార్లు చెబుతారు? మా అమ్మ కరెంటు బిల్లు అని మెసేజ్‌లో లింక్ నొక్కింది. ఏ ఎర్ర పేజీ రాలేదు. 38 వేలు పోయాయి. మాకు చెప్పడానికి భయపడింది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేసరికి మరుసటి రోజైంది. మీ కాయలు మళ్లీ కాస్తాయి.

బంగినపల్లి తోట:
ఏడాదికి ఒక్కసారి కాస్తాయండీ. అమ్మగారికి జరిగింది ఘోరం. ఎర్ర పేజీ వద్దని నేను ఎక్కడ అన్నాను? సైట్‌ను మళ్లీ పరిశీలించమని అడిగితే ఆరో రోజు తీసేశారు. ఎందుకు వేశారో చెప్పలేదు, పొరపాటైందనీ అనలేదు. ఆ కస్టమర్ ఇప్పటికీ నన్ను దొంగ అనే అనుకుంటున్నాడు. ఆయనకు చూపించడానికి నా చేతిలో ఏముంది?

తుంగభద్ర ఒడ్డు:
అది అడగండి, నేనూ మీతో కలిసి అడుగుతా. ముందు చెప్పి ముద్ర వేయమంటే మాత్రం ఒప్పుకోను. దొంగకూ కబురు అందుతుంది. ఆ గంటలో ఇంకో అమ్మ డబ్బు పోతుంది.

బంగినపల్లి తోట:
గంట సంగతి సరే, ఒప్పుకున్నా. తీయడానికి ఆరు రోజులు ఎందుకు పట్టాలి?

అనంత మగ్గం:
సొంత డొమైన్ తీసుకున్నారా అన్నా?

బంగినపల్లి తోట:
నిన్న తీసుకున్నా. పాత అడ్రస్ అచ్చేసిన బాక్సులు ఇంకా 500 షెడ్‌లో ఉన్నాయి.