జొన్న రకాల్లో సైనైడ్ తేడా జన్యువుదా, నీటి ఎద్దడిదా? తెలిసినవాళ్లు చెప్పండి

హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ జెనెటిక్స్ చదువుతున్నాను. మొయినాబాద్ దగ్గర మా బాబాయి గేదెల మేతకు రెండు రకాల జొన్న వేశారు. వానల్లేక లేత పైరు వాడిపోయింది. నాము (లేత జొన్న తిన్న పశువుకు సైనైడ్ విషం ఎక్కడం) తగులుతుందేమోనని ఆయనకు ఒకటే టెన్షన్.

జొన్న టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి ధురిన్ అనే పదార్థం తయారుచేస్తుంది. ఆకు నలిగితే అదే విడిపోయి హైడ్రోజన్ సైనైడ్ వదులుతుంది. ధురిన్ తయారీలో మూడు ఎంజైమ్‌లు వరుసగా పనిచేస్తాయి: మొదటి మెట్టు సీవైపీ79ఏ1, తర్వాత సీవైపీ71ఈ1, చివర యూజీటీ85బీ1. వీటి జన్యువులు ఒకటో క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి. మొదటిది పనిచేయకపోతే ధురిన్ ఉండదు, మొక్క బతికేస్తుంది. చివరిది పాడైతే మాత్రం మొక్క గిడసబారిపోతుంది. (మధ్యలో ఆగిన పదార్థాలు మొక్కకే విషం కాబోలు.)

నా ప్రశ్న: సైనైడ్ తక్కువని అమ్మే మేత రకాల్లో ఈ జన్యువులే మారి ఉంటాయా, లేక వాటి పని మందగించి ఉంటుందా? రెండో మాటే నిజమైతే, నీటి ఎద్దడిలో ఆ రకం కూడా ప్రమాదమే కదా?

పిక్రేట్ కాగితం పరీక్ష (పిక్రిక్ ఆమ్లంతో తడిపిన కాగితం రంగు మారితే సైనైడ్ ఉన్నట్టు) చేద్దామనుకున్నా. పిక్రిక్ ఆమ్లం ఎండితే పేలుతుందని మా ల్యాబ్‌లో ఒప్పుకోవడం లేదు. రాజేంద్రనగర్ వైపు రైతుల శాంపిళ్లు ఎవరైనా పరీక్షిస్తారా? ఆకులు ఐస్‌లో పెట్టి తెస్తే సరిపోతుందా?