తాతయ్య డైరీలో ‘ఒక్కడినే’: అలోనా, లోన్లీయా, ఇంకేదైనానా?

ప్రశ్న:

మా తాతయ్య పోయి రెండేళ్లయింది. అమ్మమ్మ పోయాక పదకొండేళ్లు ఆయన ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారు. రోజూ పడుకునే ముందు డైరీలో నాలుగైదు వాక్యాలు రాసుకునేవారు. మా అన్నయ్య పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు కానీ చదవడం రాదు. అందుకని వాళ్ల కోసం ఆ డైరీని కొంచెం కొంచెంగా ఇంగ్లీషులోకి మారుస్తున్నాను.

మొదటి ఇరవై పేజీలు పంపిన రోజు రాత్రి మా మేనకోడలు ఫోన్ చేసింది. పన్నెండేళ్ల పిల్ల. “అత్తా, ముత్తాతయ్య ఎప్పుడూ ఏడుస్తూనే ఉండేవారా?” అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. నేను రాసిందే మళ్లీ తీసి చదివితే ఇరవై పేజీల్లో పద్నాలుగు చోట్ల ‘లోన్లీ’ అని ఉంది. డైరీలో ‘ఒక్కడినే’ అన్నా, ‘ఒంటరిగా’ అన్నా, ‘ఏకాంతంగా’ అన్నా నేను ఆ ఒక్క మాటే వాడుకుంటూ పోయాను. నాకు తెలిసిన తాతయ్య అలాంటి మనిషి కాదు. సాయంత్రం కుర్చీ వరండాలోకి లాక్కుని కూర్చుంటే చీకటి పడేదాకా ఎవరు పిలిచినా లేచేవారు కాదు. ఆ కూర్చోవడం ఆయనకు ఎంతో ఇష్టం.

ఈ నాలుగు చోట్ల ఏం రాయాలో చెప్పండి. మాటలు ఆయనవే, ఉన్నవి ఉన్నట్టు ఇస్తున్నాను.

“సాయంత్రమంతా వరండాలో ఏకాంతంగా కూర్చున్నాను. ఫోన్ కూడా లోపలే పెట్టేశాను.”

“హాల్లో బల్బు ఒక్కడినే మార్చాను. స్టూలు పట్టుకోవడానికి ఎవరూ లేరు.”

“వాన. ఇల్లంతా ఒంటరిగా ఉంది.”

“అందరూ వచ్చారు, అందరూ మాట్లాడారు. నేనే ఏకాకిలా ఉన్నాను.”

జవాబు:

అనువాదం నా వృత్తి. ఈ తప్పు నేనూ చాలా ఏళ్లు చేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

అలోన్ అంటే పక్కన ఎవరూ లేరని, అంతే. మనసు సంగతి అందులో లేదు. సంతోషంగా అలోన్‌గా ఉండొచ్చు, విసుగ్గానూ ఉండొచ్చు. లోన్లీ అంటే మాత్రం తోడు కావాలనిపించి, అది దొరక్క పడే వెలితి. మనకు చిక్కు ఎక్కడొస్తుందంటే ‘ఒంటరిగా’ అన్న మాట ఈ రెండు పనులూ చేస్తుంది. అందుకే ఆ మాటను కాకుండా పక్కనున్న క్రియను చూడండి. ‘ఒంటరిగా ఉన్నాను’ అంటే చాలాసార్లు అలోన్ సరిపోతుంది. ‘ఒంటరిగా అనిపించింది’ అంటే దాదాపు ఎప్పుడూ లోన్లీయే. మీ పద్నాలుగు చోట్లా ఈ ఒక్కటి చూసుకుంటే సగం సర్దుకుంటాయి.

ఇక ఏకాంతం. నిఘంటువు సాలిట్యూడ్ అంటుంది. కోరి తెచ్చుకున్న ఒంటరితనం కాబట్టి అర్థం సరిపోతుంది. కానీ డైరీలో రోజువారీ వాక్యానికి ఆ మాట బరువెక్కువ, పుస్తకం వాసన వేస్తుంది. పైగా మన ఏకాంతంలో ఇద్దరు కూడా పడతారు. ‘మీతో ఏకాంతంగా మాట్లాడాలి’ అంటాం కదా, సాలిట్యూడ్‌లో రెండో మనిషికి చోటు లేదు. నేనైతే ఆ వాక్యాన్ని ‘ఐ హ్యాడ్ ద హోల్ ఈవెనింగ్ టు మైసెల్ఫ్’ అని మొదలుపెడతాను. ఫోన్ లోపల పెట్టేసిన మనిషి సాయంత్రాన్ని తన సొంతం చేసుకున్నాడు. ఆ సొంతం చేసుకోవడం ఇంగ్లీషులోనూ వినపడాలి.

వ్యాకరణం ఒకటి చూసుకోండి. అలోన్ నామవాచకానికి ముందు రాదు, ‘ఎన్ అలోన్ మ్యాన్’ అనకూడదు. ఆ మాట పాత ఇంగ్లీషులో ‘ఆల్ వన్’, అంటే పూర్తిగా ఒక్కడు, అన్న రెండు మాటలు కలిసిపోగా పుట్టింది. తర్వాత దాని తల తెగి లోన్ అయింది (బ్యాంకు లోన్ వేరు). ఇది తిరగబడిన కేసు, నామవాచకానికి ముందు మాత్రమే వస్తుంది. ‘ఎ లోన్ ట్రీ’ అనొచ్చు, ‘ద ట్రీ ఈజ్ లోన్’ అనకూడదు. ఆ లోన్‌కి తోక తగిలించి 1600 ప్రాంతంలో లోన్లీ అన్నారు. అప్పట్లో దానికీ తోడు లేకపోవడం అనే అర్థమే. బాధ అన్న అర్థం 19వ శతాబ్దం మొదట్లో గానీ రాలేదు.

ఇంకో జవాబు:

పైన చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. వాన వాక్యం గురించి మాత్రం ఒక మాట. అక్కడ ‘ఉంది’ అనే ఉంది కదా అని అలోన్ వేస్తే వాక్యం చచ్చిపోతుంది. ఇల్లు అలోన్‌గా ఉందంటే ఇంగ్లీషు చెవికి అర్థమే ఉండదు. స్థలానికి లోన్లీ అంటే జనసంచారం లేనిదని కూడా అర్థం, ‘ఎ లోన్లీ రోడ్’ అలాంటిదే. చూసేవాడి మనసులోది ఆ రోడ్డు మీదికి కొంచెం పాకుతుంది. తాతయ్యగారు ‘నేను’ అనకుండా ‘ఇల్లంతా’ అన్నారు చూడండి, అక్కడ జరిగింది ఇదే. ఆ ఒక్క చోట లోన్లీ ఉంచండి. కానీ ఇంటికే ఉంచండి, ఆయనకు తగిలించకండి. డెసొలేట్ లాంటివాటి జోలికి వెళ్లొద్దు, అవి పాడుబడ్డ ఇంటికి పనికొస్తాయి.

ఇంకో జవాబు:

నేను వారానికి రెండు రోజులు పెద్దవాళ్లకు ఫోన్ చేసి మాట్లాడే పనిలో ఉన్నాను. వాళ్ల లోన్లీనెస్ ఎంతుందో కొలవడానికి మేం అడిగే మూడు ప్రశ్నలు 2004లో పరిశోధకులు తయారుచేసినవి, అంతకుముందున్న ఇరవై ప్రశ్నల కొలతకు పొట్టి రూపం. తోడు లేదని ఎంత తరచుగా అనిపిస్తుంది, మిమ్మల్ని పక్కన పెట్టేశారని ఎంత తరచుగా అనిపిస్తుంది, అందరికీ దూరమైపోయానని ఎంత తరచుగా అనిపిస్తుంది. ఒక్కోదానికి ఒకటి నుంచి మూడు మార్కులు, మొత్తం మూడు నుంచి తొమ్మిది. కొలిచేది లోన్లీనెస్‌నే అయినా మూడింట్లో ఎక్కడా లోన్లీ అన్న మాట లేదు. ఇంట్లో ఎంతమంది ఉంటారన్న ప్రశ్న కూడా లేదు.

ఒక్కరే ఉండే ఒక పెద్దాయనకు మూడు వచ్చింది. అంటే అన్నిటికన్నా తక్కువ. ఆయన నాతో మాట్లాడుతూనే మధ్యలో “ఇక ఉంటానమ్మా, రేడియో టైమైంది” అని పెట్టేశారు. అదే వారం కొడుకు, కోడలు, ముగ్గురు మనవళ్లతో ఉండే ఒకావిడకు ఎనిమిది వచ్చింది. వెనకాల టీవీ, పిల్లల గోల, కుక్కర్ కూత, అన్నీ నాకు వినపడుతూనే ఉన్నాయి. ఆవిడ చాలా చిన్న గొంతుతో జవాబులు చెప్పారు.

అందుకే మీ నాలుగో వాక్యం నన్ను ఆపేసింది. ఇల్లంతా జనం ఉన్న రోజున ఆయన ‘ఏకాకి’ అన్నారు. నాలుగింట్లో తాతయ్యగారి మనసుకు లోన్లీ అన్న మాట తగిలేది ఇక్కడొక్కచోటే. ఐసొలేటెడ్ అనాలనిపించొచ్చు. ద్వీపం అన్న లాటిన్ మాటలోంచి వచ్చింది కాబట్టి చుట్టూ నీళ్లున్న బొమ్మ బాగానే కుదురుతుంది. కానీ ఇప్పుడది రిపోర్టుల భాష అయిపోయింది. తాతయ్య నోట పెట్టకండి.

ప్రశ్న అడిగినామె:

మీ అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి కూర్చుని పద్నాలుగింట్లో పదకొండు మార్చాను. వరండా వాక్యం ‘టు మైసెల్ఫ్’తోనే రాశాను. చదువుతుంటే ఆ కుర్చీ కనపడింది. జనం వచ్చిన రోజు ఏదా అని తేదీ చూశాను, అమ్మమ్మ సంవత్సరీకం. మేమందరం అక్కడే ఉన్నాం. ఆయన నవ్వుతూనే ఉన్నారు. మాకెవరికీ తెలియలేదు.

బల్బు దగ్గర ఆగిపోయాను. ఎవరూ దాని గురించి చెప్పలేదు.

అనువాదం వృత్తిగా ఉన్నవారు:

నిజమే, వదిలేశాను. క్షమించండి. ‘ఆన్ మై ఓన్’ అంటే ఎవరి సాయం లేకుండా చేశానని, కాస్త గర్వం కూడా ఉంటుంది. ‘అలోన్’ అంటే ఇంట్లో ఎవరూ లేరని. ‘బై మైసెల్ఫ్’ రెండింటికీ పనికొస్తుంది. ఒక మాట చెప్పండి, అంతకుముందు ఆ స్టూలు ఎవరు పట్టుకునేవారు?

ప్రశ్న అడిగినామె:

అమ్మమ్మ. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, “చూసుకోండి, చూసుకోండి” అంటూ ఉండేది.

‘బై మైసెల్ఫ్’ అనే రాశాను. గర్వం ఉంటే ఉండనీ, లేకపోతే రెండో వాక్యం ఎలాగూ ఉంది. దాన్ని ఏమీ కలపకుండా, తీయకుండా దించాను. తర్వాత పేజీ తిప్పితే మర్నాడు ఒకే ఒక్క వాక్యం ఉంది: “హాల్లో వెలుతురు బాగుంది.”