అభిమాన ధారావాహిక ఆధారంగా వచ్చిన భయానక నవలలు: ఏది ముందు చదవాలి?

ప్రశ్న: బరంపురం పాఠకురాలు

నమస్కారం. నేనూ నా తమ్ముడూ, దయ్యాలను వేటాడే సామ్, డీన్ అనే అన్నదమ్ముల కథ చెప్పే ‘సూపర్‌నేచురల్’ అమెరికన్ టీవీ ధారావాహికను పదిహేను సీజన్లూ, 327 భాగాలూ, ఒక్కటీ విడవకుండా కలిసి చూశాము. ఇప్పుడు తమ్ముడు సూరత్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, నేను ఇక్కడే ఉన్నాను. ఆ ధారావాహిక పాత్రలతో వేరే రచయితలు రాసిన నవలలు ఉన్నాయని తెలిసినప్పటి నుంచి, ఇద్దరం ఒకే నవలను ఒకే వారంలో చదివి రాత్రిపూట ఫోనులో మాట్లాడుకోవాలని అనుకుంటున్నాము. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నేర్చుకుని పెరిగినా ఆంగ్ల నవలలు చదవడం మాకు అలవాటే.

నా సందేహాలు ఇవి. వీటిని వరుసగా చదవాలా, ఏదైనా ముందు చదవవచ్చా? సామ్, డీన్‌ల కథ చివరికి ఏమవుతుందో తెలిసిన తరువాత నవలలో భయం మిగులుతుందా? తెర మీద చీకటి, శబ్దం చేసే పనిని అక్షరాలు చేయగలవా?

జవాబు: పర్లాకిమిడి, విశ్రాంత అధ్యాపకుడు

అమ్మా, మీ రెండవ సందేహమే అన్నిటికన్నా ముఖ్యమైనది కనుక దానితోనే మొదలుపెడతాను.

ఇటువంటి నవలల్లో ఎక్కువ భాగం ధారావాహిక ఇంకా ప్రసారమవుతుండగానే వెలువడ్డాయి. వచ్చే సీజన్లో ఏం జరగాలన్నది నవలా రచయిత చేతిలో ఉండదు. అందుచేత అతడు అన్నదమ్ములను చంపలేడు, విడదీయలేడు, వారి మనసుల్లో శాశ్వతమైన మార్పు తేలేడు; కథ ముగిసేసరికి వారిని తాను ఎక్కడి నుంచి తీసుకున్నాడో అక్కడే, అదే 1967 నాటి ఇంపాలా కారులో, తిరిగి అప్పగించాలి. వారికి ఏమవుతుందోనన్న భయం పాఠకుడికి కలగదు గనుక, మంచి రచయిత ఆ భయాన్ని వారు వెళ్లిన ఊరి మనుషుల మీదికి మళ్లిస్తాడు. ధారావాహికలో పేరు పడకముందు రెండు మూడు నిమిషాలు కనిపించి చనిపోయే మనిషి మనకు దాదాపు అపరిచితుడే. నవలలో ఆ మనిషి ఏం తింటాడో, ఎవరి మీద కోపంగా ఉన్నాడో, తలుపు గడియ వేశానో లేదోనని ఎందుకు వెనక్కి వచ్చాడో, అన్నీ పది పుటల పాటు తెలుసుకున్న తరువాత ఆ తలుపు తెరుచుకుంటుంది. తెర చేయలేనిదీ అక్షరం చేయగలిగినదీ ఇదే. బల్బు మినుకుమినుకుమన్నదని, ఊపిరి పొగలా కనిపించిందని రాసి సరిపెట్టుకునే నవలను నిస్సంకోచంగా పక్కన పెట్టండి. ఆ రెండూ దృశ్యానికి చెందిన సంకేతాలు, కాగితం మీద వాటికి బలం లేదు.

మొదటి నవల ‘నెవర్‌మోర్’ 2007లో వచ్చింది. కీత్ డికాండిడో రాసిన ఈ కథ న్యూయార్క్ నగరంలో జరుగుతుంది. అక్కడి బ్రాంక్స్ ప్రాంతంలో పంతొమ్మిదవ శతాబ్దపు భయానక కథల రచయిత ఎడ్గర్ ఎలన్ పో కథలను పోలిన హత్యలు జరుగుతుంటాయి. పో తన చివరి సంవత్సరాలు గడిపిన చిన్న ఇల్లు ఆ ప్రాంతంలో నేటికీ ఉన్నది. ఈ నవలకు ముందు పో కథలు రెండు మూడు చదివితే, తరువాతి హత్య ఎలా ఉండబోతుందో మీరే ఊహించి ముందుగానే భయపడతారు. నా దృష్టిలో అది మంచి భయం.

ఇక వరుస విషయం: వరుస అవసరం లేదు. కథ ఏ సీజన్ కాలంలో జరుగుతుందో తెలిస్తే చాలు, ధారావాహిక అంతా చూసిన మీకు అది ఇట్టే తెలిసిపోతుంది.

జవాబు: రాయగడ నుంచి

మాస్టారు చెప్పిన కట్టుబాటును దాటడానికి ఒక దారి ఉన్నది: ధారావాహిక చూపకుండా వదిలేసిన కాలంలో కథ నడపడం. అయిదవ సీజన్ ముగింపుకూ ఆరవ సీజన్ ప్రారంభానికీ మధ్య ఒక సంవత్సరం ఖాళీ ఉన్నది గదా; రెబెకా డెసర్టీన్ రాసిన ‘వన్ ఇయర్ గాన్’ (2011) ఆ ఖాళీలోనే నడుస్తుంది. తమ్ముడు నరకంలో ఉన్నాడని నమ్మి, ప్రియురాలు లీసా ఇంట్లో మామూలు సంసారిగా బతకడానికి ప్రయత్నించే డీన్, ఒక మంత్రం కోసం ఆ కుటుంబాన్ని వెంటబెట్టుకుని అమెరికాలోని సేలం పట్టణానికి వెళ్తాడు. తోబుట్టువులు దూరంగా ఉండి చదువుకోవడానికి ఇంతకన్నా తగినది నాకు తోచడం లేదు.

అయితే ఒక మాట తప్పకుండా చెప్పాలి. సేలంలో 1692లో మంత్రవిద్య చేశారన్న నెపంతో ఉరితీసిన పందొమ్మిది మందీ నిరపరాధులు. 1711లోనే అక్కడి ప్రభుత్వం చాలామందిపై తీర్పులను రద్దు చేసింది. మంత్రగత్తెలు నిజంగా ఉన్నారనే లోకంలో నడిచే నవలను కల్పనగా ఆస్వాదించడంలో తప్పు లేదు. కాని మన వైపు చిల్లంగి పెట్టారన్న అనుమానంతో ఒంటరి ఆడవాళ్లను కొట్టి చంపిన ఘటనలు కల్పన కావు. అందుకోసమే ఒడిశా ప్రభుత్వం 2013లో ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. అందుచేత ఇంట్లో చిన్నపిల్లలు వింటూ ఉంటే, ఆ నవల గురించి మాట్లాడేటప్పుడు సేలంలో నిజంగా జరిగినది కూడా చెప్పండి. ఆ చరిత్ర నవలకన్నా ఎక్కువ భయం కలిగిస్తుంది.

జవాబు: ఇచ్ఛాపురం సరిహద్దు నుంచి

అచ్చు ప్రతుల కోసం ఆగకండి. వీటిలో చాలావరకు టైటన్ బుక్స్ వెలువరించినవి, విదేశీ ముద్రణలు కావడంతో రావడం ఆలస్యమవుతుంది. ఈ-పుస్తకమైతే సూరత్‌లోనూ బరంపురంలోనూ ఒకే రాత్రి మొదలుపెట్టవచ్చు.

నా ఓటు మాత్రం క్రిస్టా ఫాస్ట్ రాసిన ‘కయోటీస్ కిస్’కు. అమెరికా, మెక్సికో సరిహద్దున ఒక ట్రక్కులో వలస కూలీలందరూ ఘోరంగా చంపబడి కనిపించడంతో కథ మొదలవుతుంది. పని కోసం రైలెక్కి పోయే మనుషులను చూస్తూ పెరిగిన మన గంజాం జిల్లా వారికి, ఆ చనిపోయినవారు ఎవరు, వారి కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు అన్న ప్రశ్న దయ్యం కన్నా ముందు తడుతుంది. అలా తట్టిన నవల నాకు ఇదొక్కటే.

ప్రశ్నించినవారు: బరంపురం పాఠకురాలు

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు తమ్ముడికి చదివి వినిపించాను. పో కథలు నేను కళాశాలలో చదివినవే గనుక ‘నెవర్‌మోర్’తో మొదలుపెట్టి, ఆ తరువాత ‘కయోటీస్ కిస్’ చదువుతాము. సేలం నవలను మాత్రం అతడు దసరాకు ఇంటికి వచ్చినప్పుడు పక్కపక్కన కూర్చుని చదవాలని నిర్ణయించుకున్నాము. సామ్, డీన్ల తండ్రి జాన్ రాసుకున్న డైరీ కూడా పుస్తకంగా వచ్చిందని విన్నాను. అది నవలేనా?

జవాబు: పర్లాకిమిడి, విశ్రాంత అధ్యాపకుడు

నవల వలె ఉండదమ్మా. అలెక్స్ ఇర్విన్ 2009లో దానిని డైరీ రూపంలోనే రాశాడు. 1983 నవంబరులో భార్యను పోగొట్టుకున్న మనిషి, ఇద్దరు పసిపిల్లలను పెంచుతూ, తాను చూసినదాన్ని తేదీల వారీగా రాసుకుంటూ పోతాడు. ధారావాహికలో పిల్లల వైపు నుంచి మాత్రమే చూసిన తండ్రిని ఇక్కడ అతని మాటల్లోనే వింటాము. ఒకేసారి ముగించకుండా, నవలల మధ్య విరామంలో కొన్ని కొన్ని పుటలుగా చదవండి.