చిన్న గదిలో డోలు మోతను పీల్చుకోవడానికి ఏ సరుకు వాడాలి?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

మిత్రులకు నమస్కారం. మా ఇంటి పై అంతస్తు గదిలో ఒగ్గు కథ కళాకారుల పాటను, డోలును రికార్డు చేస్తున్నాను. గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు కూడా 10 అడుగులే. ఇటుక గోడలకు సిమెంటు ప్లాస్టరు, పైన ఆర్‌సీసీ స్లాబు, కింద టైల్సు. గోడలకు రెండంగుళాల ఫోమ్ అతికించి, నేల మీద కొత్తవాడ జంపఖానా పరిచిన తరువాత గొంతు శుభ్రంగా వస్తున్నది. డోలు మంద్రపు దెబ్బ మాత్రం ఆగవలసిన చోట ఆగక, గుమ్మని సాగి, తరువాతి దెబ్బను కప్పేస్తున్నది. మూలలో నిలబడితే మోతకు చెవులు దిమ్మెక్కుతాయి; గది నడుమకు వస్తే అదే దెబ్బ సన్నబడిపోతుంది. థర్మోకోల్ కొట్టించమని కొందరు, ఎనుమాముల మార్కెట్ దగ్గరే కాబట్టి పత్తి బస్తాలు పేర్చమని మరికొందరు అంటున్నారు. తెలిసినవారు దారి చూపగలరు.

జవాబు (కరీంనగర్ నుంచి)

మీరు చెప్పిన లక్షణాలన్నీ గది కొలతల నుంచే వస్తున్నాయి. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు; దానిని గది కొలతకు రెట్టింపుతో భాగిస్తే ఆ దిశలో గది తనంతట తాను మోగే మొదటి పౌనఃపున్యం (సెకనుకు ఎన్ని కంపనాలన్నది, హెర్ట్జ్‌లలో) తెలుస్తుంది. మీ పొడవుకు అది 47 హెర్ట్జ్, వెడల్పుకు 56, ఎత్తుకూ 56. రెండు దిశలు ఒకే స్వరాన్ని పట్టుకోవడమే మీ గదికి ఉన్న పెద్ద చిక్కు. ఈ అలల పీడనం గోడల వద్ద, మూలల్లో అత్యధికంగా, నడుమ అత్యల్పంగా ఉంటుంది కనుకనే మీకు అలా వినిపిస్తున్నది.

ఫోమ్, జంపఖానా వంటి గుల్ల పదార్థాలు గాలి కదలికను రాపిడితో వేడిగా మార్చి ధ్వనిని మింగుతాయి. గోడకు ఆనుకొని గాలి కదలదు. 56 హెర్ట్జ్ అలకు ఆ కదలిక గోడ నుంచి దాదాపు ఐదడుగుల దూరంలో గరిష్ఠమవుతుంది. రెండంగుళాల మందం అక్కడ చేసేదేమీ లేదు. థర్మోకోల్ అయితే లోపలి సన్నని గాలి అరలన్నీ మూసుకుపోయిన పదార్థం, గాలి లోపలికే పోదు కాబట్టి దాని మీద రూపాయి కూడా పెట్టకండి.

నా సలహా రాక్‌వూల్, అంటే రాతి నూలు పలకలు. ఘనమీటరుకు 48 కిలోల సాంద్రత గల పలకలను త్రికోణాలుగా కోసి, నిలువు మూలలు నాలుగింటిలోనూ నేల నుంచి స్లాబు దాకా, ముందు ముఖం రెండున్నర అడుగుల పైనే ఉండేలా పేర్చండి. సాంద్రత ఎక్కువైతే మేలన్నది అందరూ అనే మాటే కానీ, ఇంత మందంలో మరీ బిగువైన పలక అలను లోపలికి రానీయదు. పైన కప్పే నూలు గుడ్డను పెదవులకు ఆనించి ఊదితే గాలి సులువుగా అవతలికి పోవాలి. కోసేటప్పుడు మాస్కు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి, దాని నూగు ఒంటికి దురద పెడుతుంది.

జవాబు (వరంగల్ నుంచి, చెక్కపని చేయించేవాడిని)

పై మిత్రుని మాటతో ఏకీభవిస్తూ ఒకటి కలుపుతాను. విదేశీ వీడియోలలో రెండు మూలలు నింపితే చాలంటారు. అక్కడి ఇళ్లలో చాలా వాటికి చెక్క చట్రం మీద జిప్సం బోర్డు గోడలుంటాయి. అవి మంద్రానికి కొద్దిగా ఊగి కొంత శక్తిని తామే తీసుకుంటాయి. మన ఇటుక గోడ, స్లాబు కదలవు కాబట్టి మంద్రమంతా గదిలోనే తిరుగుతుంది. ఆ లెక్కలు మన ఇళ్లకు సరిపోవు.

47, 56 దగ్గర రాక్‌వూల్ ఒక్కటే పూర్తిగా చాలదు. అందుకు, ముందు పలక ఊగి మంద్రాన్ని మింగే, లోపల కొంత రాక్‌వూల్ ఉన్న ప్లైవుడ్ పెట్టె కట్టాలి. పలక చదరపు మీటరు బరువును (కిలోలలో) వెనుక ఖాళీ లోతుతో (మీటర్లలో) గుణించి, దాని వర్గమూలంతో 60ని భాగిస్తే పెట్టె పీల్చే పౌనఃపున్యం వస్తుంది. 12 మి.మీ. ప్లైవుడ్ చదరపు మీటరుకు 7.2 కిలోలు తూగితే, 16 సెం.మీ. లోతుకు సరిగ్గా మీ 56 హెర్ట్జ్. బరువు రకాన్ని బట్టి మారుతుంది కాబట్టి టింబర్ డిపోలోనే ముక్కను తూకం వేయించి లోతు నిర్ణయించండి. అంచులన్నీ సిలికాన్‌తో గాలి చొరకుండా మూయాలి, లోపలి రాక్‌వూల్ పలకకు తగలకూడదు. పదడుగుల ఎడంలో ఎదురెదురుగా ఉన్న గోడల మీద వీటిని బిగించండి.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పత్తి సంగతి ఎవరూ చెప్పలేదు. మా దగ్గర అది సులువుగా దొరుకుతుంది కాబట్టి అడుగుతున్నాను.

జవాబు (కరీంనగర్ నుంచి)

వదులుగా, మందంగా నింపితే పత్తి కూడా ధ్వనిని పీలుస్తుంది, అందులో సందేహం లేదు. అయితే కొన్నాళ్లకు కిందికి కుంగి పైభాగం ఖాళీ అవుతుంది, వానకాలంలో చెమ్మ పడుతుంది, ఎలుకలు చేరతాయి. అన్నిటికన్నా, వైర్లు, యాంప్లిఫయర్లు ఉన్న మూసిన గదిలో మనుషులను కూర్చోబెట్టి చుట్టూ పత్తి పేర్చడం నాకు సుతరామూ ఇష్టం లేదు. రాక్‌వూల్ రాతి నూలు, అంటుకోదు.

ఖర్చు పెట్టే ముందు ఒక పని చేయండి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, స్పీకరును ఒక మూలన ఉంచి, 40 నుంచి 120 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పెంచుతూ ఎదుటి మూలలో వినండి. మోత 56 దగ్గర కాక 94, 113 దగ్గర పెరిగితే, అవి పై వాటి రెట్టింపులు, అల పొడవు సగమే కాబట్టి మూలల రాక్‌వూల్‌తోనే చాలా వరకు తగ్గుతుంది. అప్పుడు ప్లైవుడ్ పెట్టెలు వాయిదా వేసుకోవచ్చు.