రెటీనా కణాలు గుంపుగా సీన్‌ని ఎలా పంపుతాయి?

వైజాగ్_కుర్రాడు: ఆర్కే బీచ్‌లో అల విరిగి నురగ ఒడ్డుకొస్తుంటే డౌటొచ్చింది, కంటి వెనక పొర రెటీనాలో మెదడుకి సిగ్నల్ పంపే ఒక్కో గాంగ్లియాన్ కణం తన చిన్న ముక్కనే చూస్తుంది కదా, మరి మొత్తం సీన్ మెదడుకి ఎలా వెళ్తుందండీ?

ఎంవీపీ_రాధ: కంట్లో కాంతిని పట్టే కణాలు 12 కోట్ల దాకా ఉంటే మెదడుకెళ్లే తీగలు సుమారు 10 లక్షలే, అందుకే అంతా పంపదు. నురగ అంచులో వెలుగు పెరిగినచోట ఆన్ రకం గాంగ్లియాన్ కణాలు, తగ్గినచోట ఆఫ్ రకం కణాలు గట్టిగా ఫైరవుతాయి (అంటే కరెంటు పల్స్‌లు పంపుతాయి), కదలని ఇసక మీద పెద్దగా హడావిడి ఉండదు.

గాజువాక_బయో: పైగా అవి విడివిడిగా పనిచేయవండి. 2006లో ష్నైడ్‌మన్, బెర్రీ, సెగెవ్, బియాలెక్ అనే సైంటిస్టులు సాలమాండర్ (బల్లిలా ఉండే ఉభయచరం) రెటీనాలో చూశారు, రెండేసి కణాల మధ్య లింకు చాలా వీకే గానీ గుంపు మొత్తానికి దాని ఎఫెక్ట్ మాత్రం భారీ. నాకు భలే నచ్చిన రిజల్ట్ ఇది.

వైజాగ్_కుర్రాడు: అయితే ఒక కణం సైలెంటుగా ఉన్నా సమాచారమేనా?

గాజువాక_బయో: కచ్చితంగా, పక్కవి ఫైరవుతుంటే ఇది ఊరుకుందన్నదీ కోడే.